సొంత ఊరి జట్టులో ఆరేళ్ళు

ఆటల పేజీల్లో ‘విధేయత’ అన్న మాట కనిపించినప్పుడల్లా నాకు మన ఇళ్ళలో కోడళ్ళకిచ్చే కితాబులు గుర్తొస్తాయి. ఎన్ని కష్టాలొచ్చినా గడప దాటలేదమ్మా అంటారు. ఆ కష్టాలు ఎవరు తెచ్చిపెట్టారన్నది మాత్రం ఆ మాటల్లో ఉండదు. అమెరికన్ బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి టీనా చార్లెస్ గురించి చదువుతున్నప్పుడు ఆ చెప్పకుండా వదిలేసిన సగం కోసం వెతకడం మొదలుపెట్టాను. ఆమె వేసిన పాయింట్ల పట్టికల్లో అది కనిపించలేదు. ఆమె జట్టు ఎవరి చేతుల్లో ఉండిందో చూస్తే కనిపించింది.

టీనా 1988లో న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో పుట్టింది. తండ్రి రాల్‌స్టన్ చార్లెస్ కరీబియన్ దీవి టొబాగో నుంచి వలస వచ్చినవాడు. 1972 నుంచీ బ్రూక్లిన్‌లో కాలిప్సో సంగీతం రికార్డులమ్మే దుకాణం నడిపాడు. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో చదివేటప్పుడు ఆమె ఉన్న జట్టు చివరి రెండేళ్ళలో, అంటే 2009, 2010 సీజన్లలో, 78 ఆటలాడి ఒక్కటీ ఓడలేదు. 2010లో మహిళల వృత్తి లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో అందరికంటే ముందు ఎంపికై కనెక్టికట్ సన్ జట్టులో చేరింది. 2012లో ఆ ఏటి అత్యుత్తమ క్రీడాకారిణి అయింది. అదే ఏడు లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం.

2014లో తనను న్యూయార్క్ లిబర్టీకి పంపమని పట్టుబట్టింది. సొంత ఊళ్ళో ఆడాలి, అంతే. కాబట్టి ఆమె విధేయత గురించి మాట్లాడేటప్పుడు అది ఎవరి పట్ల అన్నది మొదటే తేల్చుకోవాలి. ఒక యజమానిని వదిలి ఇంకో యజమాని దగ్గరికి వచ్చింది. కట్టుబడింది ఊరికి. ఆమె కోసం లిబర్టీ ఒక క్రీడాకారిణినీ, ఆ ఏటి నాలుగో ఎంపికనూ, మరుసటి ఏటి మొదటి రౌండు ఎంపికనూ ఇచ్చుకుంది. మనుషులకు బదులు మనుషులు! ఈ బేరాల భాష చదువుతుంటే సంతలో నిలబడ్డట్టే ఉంటుంది. కానీ ఆటల ప్రపంచంలో ఎవరికీ అది ఎబ్బెట్టుగా తోచదు.

లిబర్టీ 1997లో ఈ లీగ్ మొదలైనప్పుడున్న ఎనిమిది జట్లలో ఒకటి. 1997, 1999, 2000, 2002 సంవత్సరాల్లో నాలుగుసార్లు ఫైనల్ దాకా వెళ్ళి నాలుగుసార్లూ ఓడింది. యజమాని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ సంస్థ. పురుషుల జట్టు నిక్స్ కూడా వాళ్ళదే. సంస్థకు అధిపతి జేమ్స్ డోలన్. టీనా వచ్చిన మరుసటి ఏడు, 2015 మేలో, ఈ సంస్థ లిబర్టీకి అధ్యక్షుడిగా ఐజయా థామస్‌ను నియమించింది.

ఇక్కడ కాస్త ఆగాలి. థామస్ పేరున్న మాజీ ఆటగాడు. నిక్స్ వ్యవహారాలు చూస్తున్న కాలంలో ఆ సంస్థలోనే పెద్ద హోదాలో పనిచేసిన అనూచా బ్రౌన్ శాండర్స్ అతను తనను లైంగికంగా వేధించాడని ఫిర్యాదు చేసింది. 2006 జనవరిలో ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. ఆమె కోర్టుకెళ్ళింది. 2007 అక్టోబరులో జ్యూరీ వేధింపు నిజమేనని తేల్చి, సంస్థా డోలన్ కలిసి 11.6 మిలియన్ డాలర్లు చెల్లించాలంది. తర్వాత 11.5 మిలియన్లకు రాజీ కుదిరింది. థామస్ తన తప్పేమీ లేదనే అంటూ వచ్చాడు. ఇంకో సంగతి: బ్రౌన్ శాండర్స్ కూడా కాలేజీ రోజుల్లో గొప్ప బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి.

ఆ తీర్పు వచ్చిన ఎనిమిదేళ్ళకు అదే సంస్థ అదే మనిషిని తెచ్చి ఆడవాళ్ళ జట్టుకు పెద్దగా కూర్చోబెట్టింది. జట్టులో అతనికి వాటా ఇవ్వాలనుకున్న ప్రయత్నం మాత్రం పెద్ద గొడవై ఆగిపోయింది. ‘నిర్వహణ లోపం’ అన్న మాట దీనికి చాలదు. లోపమంటే తెలియక చేసింది. ఇది అన్నీ తెలిసి చేసిన పని. ఆ జట్టులో ఆడే స్త్రీలు ఏమనుకుంటారన్నది వాళ్ళు లెక్కలోకే తీసుకోలేదు.

న్యాయంగా చెప్పాలంటే ఆ మూడేళ్ళూ జట్టు గెలిచింది. కోచ్ బిల్ లేంబీర్ ఆధ్వర్యంలో 2015లో 34 ఆటల్లో 23, 2016లో 21, 2017లో 22. 2016లో లీగ్ మొత్తంలో పాయింట్లలోనూ రీబౌండ్లలోనూ మొదటి స్థానం టీనాదే. రీబౌండ్ అంటే బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని మనుషుల మధ్య ఒరుసుకుంటూ పట్టుకోవడం. చప్పట్లు తక్కువ, ఒళ్ళునొప్పులెక్కువ. కానీ 2016, 2017ల్లో లీగ్ కొత్త నియమం ప్రకారం తొలి రెండు రౌండ్లలో ఒక్క ఆట ఓడితే ఇంటికే. రెండేళ్ళూ లిబర్టీ అలాగే ఓడింది. ఏడాదంతా చేసిన పని ఒక్క సాయంత్రంతో సరి! ఆ తర్వాత ‘పెద్ద ఆటలు గెలిపించలేదు’ అన్న ముద్ర టీనా మీద పడింది.

2016 జూలైలోనే ఇంకొకటి జరిగింది. నల్లజాతివారిపై పోలీసు కాల్పులకు నిరసనగా క్రీడాకారిణులు ఆటకు ముందు నల్ల చొక్కాలు తొడుక్కున్నారు. లీగ్ ఒక్కో జట్టుకు 5,000, ఒక్కో క్రీడాకారిణికి 500 డాలర్ల జరిమానా వేసింది. ఆ వారంలోనే నెల ఉత్తమ క్రీడాకారిణి బహుమతి అందుకోవడానికి వచ్చిన టీనా తన చొక్కాను తిరగేసి తొడుక్కుని నిలబడింది. రెండు రోజులకు లీగ్ జరిమానాలు ఎత్తేసింది. విధేయురాలంటే నోరు లేనిదనుకునేవాళ్ళకు ఈ సంఘటన చెప్పాలి.

2017 నవంబరులో డోలన్ సంస్థ జట్టును అమ్మకానికి పెట్టింది. కొనేవాళ్ళు దొరికేలోగా ఖర్చు తగ్గించుకోవాలనుకుంది. 2018లో ఒకటి రెండు తప్ప ఇంటి ఆటలన్నీ దాదాపు 20,000 మంది పట్టే గార్డెన్ నుంచి నగరానికి ఉత్తరాన వైట్ ప్లెయిన్స్‌లో 1930 నాటి ఒక హాలుకి మార్చారు. అందులో పట్టేది 5,000 మంది. అంతకుముందు సగటున పదివేలకు దగ్గరగా వచ్చే ప్రేక్షకులు మూడువేలకు లోపే మిగిలారు. నగరంలో ఉండేవాళ్ళు పనిరోజు సాయంత్రం పిల్లల్నేసుకుని రైలెక్కి అంతదూరం ఎలా వెళ్తారు? ప్రేక్షకుల్ని దూరం చేసి, ఆ ఖాళీ కుర్చీలనే చూపించి ఆడవాళ్ళ ఆట ఎవరు చూస్తారనడం ఎంత తేలికో! లేంబీర్ వెళ్ళిపోయాడు. 2018లో ఏడు గెలుపులు, 27 ఓటములు. 2019 జనవరిలో జో సాయ్ కొన్నాడు. ఆ ఏడు కూడా అదే హాలు, పది గెలుపులే.

సొంత ఊరి కోసం వచ్చిన మనిషిని ఊళ్ళో ఉండనివ్వకుండా ఊరవతల ఆడించారు. ఆమె మాత్రం ఆడింది. అప్పట్లో ఈ లీగ్‌లో అత్యధిక జీతం ఏడాదికి సుమారు 1,15,000 డాలర్లు. చలికాలంలో టర్కీ, చైనా లాంటి దేశాలకు వెళ్ళి ఆడితేనే చెప్పుకోదగ్గ సంపాదన. ఆ జీతంలోంచే, 2013లో పోయిన పిన్ని పేరున పెట్టిన సంస్థ ద్వారా, ఆగిన గుండెను తిరిగి కొట్టించే యంత్రాలు కొని బడులకూ ఆటస్థలాలకూ ఇచ్చింది. 2019లోనే తండ్రి దుకాణం మీద డాక్యుమెంటరీ తీసి ట్రైబెకా చలనచిత్రోత్సవంలో చూపించింది.

2020 ఏప్రిల్‌లో ఆమెను వాషింగ్టన్‌కు మార్చారు. అప్పటికి లిబర్టీ చరిత్రలో అత్యధిక పాయింట్లు ఆమెవే. ఆ వారంలోనే జరిగిన ఎంపికలో లిబర్టీకి మొదటి అవకాశం వచ్చింది. సబ్రీనా అయనెస్కును తీసుకున్నారు. చివర నిలిచిన జట్లకే మొదటి ఎంపిక దక్కే అవకాశముంటుంది. అంటే టీనా మోసిన ఆ రెండేళ్ళ ఓటములే జట్టుకు పెట్టుబడి అయ్యాయి. చరిత్రలో ఆడవాళ్ళ శ్రమ ఇలా పేరు లేకుండా కలిసిపోవడం మనకు కొత్తేమీ కాదు.

తర్వాతి కథ వేరు. 2021లో జట్టు బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటర్‌కి చేరింది, టీనా తండ్రి దుకాణం ఉన్న బ్రూక్లిన్‌కే. ఆ ఏడు కొత్త యజమానులు క్రీడాకారిణులకు ప్రత్యేక విమానాలు ఏర్పాటు చేస్తే నియమాలకు విరుద్ధమని లీగ్ 5,00,000 డాలర్ల జరిమానా వేసింది. ఆడవాళ్ళను కాస్త బాగా చూసుకోవడం కూడా నేరమే అన్నమాట. 2024లో లీగే అన్ని జట్లకూ అలాంటి విమానాలు పెట్టింది.

అదే 2024లో లీగ్ చరిత్రలో అత్యధిక రీబౌండ్ల రికార్డు టీనా చేతికొచ్చింది. అప్పుడామె అట్లాంటా డ్రీమ్‌లో ఉంది. ఆ ఏటి ప్లేఆఫ్స్ మొదటి రౌండులో అట్లాంటాకు ఎదురుపడింది లిబర్టీయే. బ్రూక్లిన్‌లో వరుసగా రెండు ఆటలూ ఓడి టీనా జట్టు ఇంటిముఖం పట్టింది. అక్టోబరు 20న అదే హాల్లో లిబర్టీ తన 28వ సీజన్లో మొదటిసారి కప్పు ఎత్తింది.