డిజిటల్ మార్పు, పాత సంస్థలు: నిజామాబాద్ పసుపు గంజ్

చాలాకాలంగా ఒక వ్యాపారంలో వేళ్లూనుకున్న పెద్ద సంస్థలు ఏ పనుల మీద బతుకుతున్నాయో ఆ పనులనే కంప్యూటరు, మొబైల్ ఫోను, ఇంటర్నెట్ మీద నడిచే కొత్త పద్ధతులు చౌకగానో వేగంగానో చేసిపెట్టి, ఆ సంస్థల ఆదాయానికి ఎసరు పెట్టే స్థితిని వ్యాపారశాస్త్రంలో డిజిటల్ విఘాతం అంటారు. హార్వర్డ్ ఆచార్యుడు క్లేటన్ క్రిస్టెన్సెన్ 1997లో వెలువరించిన ‘ది ఇన్నోవేటర్స్ డైలమా’ ఈ చర్చకు పునాది వేసింది. బాగా నడుస్తున్న సంస్థలు తమకు ఎక్కువ లాభం తెచ్చే ఖాతాదారుల అవసరాలనే చూసుకుంటూ, మొదట్లో నాసిరకంగా కనిపించే కొత్త పద్ధతిని పక్కనపెట్టి, అది మెరుగుపడే నాటికి వెనుకబడిపోతాయని ఆయన వాదించాడు. ఈస్ట్‌మన్ కొడాక్ కంపెనీలో పనిచేసిన స్టీవెన్ సాసన్ అనే ఇంజినీరు 1975లోనే ఫిల్ము అవసరంలేని కెమెరాను తయారుచేసినా, ఫిల్ము అమ్మకాల మీద ఆధారపడిన ఆ కంపెనీ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరవలసి వచ్చిన ఉదంతాన్ని ఈ వాదానికి తార్కాణంగా చెబుతారు. అయితే పాత సంస్థ అంటే కంపెనీ మాత్రమే కానక్కరలేదు. వ్యాపారులు, కమీషన్ ఏజెంట్లు, హమాలీలు, మార్కెట్ కమిటీ కలిసి దశాబ్దాలుగా నడుపుతూ వచ్చిన వ్యవసాయ మార్కెట్టు కూడా అటువంటి సంస్థే. తెలంగాణలో ఇందుకు బాగా పనికివచ్చే ఉదాహరణ నిజామాబాద్‌లోని శ్రద్ధానంద్ గంజ్.

పాత పద్ధతి

ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, మోర్తాడు, జక్రాన్‌పల్లి ప్రాంతాల పసుపు ప్రధానంగా చేరే చోటు ఈ గంజే. ఎనిమిది, తొమ్మిది నెలలు భూమిలో ఉండే ఈ పంటను జనవరి నుంచి తవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, పాలిష్ పట్టిన తరువాత కొమ్ము, మండ, చూర అనే రకాలుగా వేరుచేసి యార్డుకు తెస్తారు. వేసవిలో రాబడి ఉధృతంగా ఉంటుంది. మహారాష్ట్రలోని సాంగ్లీ, తమిళనాడులోని ఈరోడ్, గుంటూరు ప్రాంతంలోని దుగ్గిరాల దీనికి సాటివచ్చే పసుపు మార్కెట్లు కాగా, వాటిలో సాంగ్లీ ధరను నిజామాబాద్ రైతు ఎప్పుడూ ఒక కంట కనిపెడుతూనే ఉంటాడు, తేడా ఎక్కువగా ఉన్న సంవత్సరాల్లో సరుకును లారీలకెత్తి అక్కడికే తీసుకువెళ్లిన రైతులూ ఉన్నారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1966లో వచ్చిన వ్యవసాయ ఉత్పత్తులు, పశుసంపద మార్కెట్ల చట్టం ప్రకారం ఇటువంటి యార్డులను మార్కెట్ కమిటీలు నిర్వహిస్తాయి. రైతుకూ ఖరీదుదారుకూ, అంటే సరుకు కొనే వ్యాపారికీ, మధ్య నిలబడేది అడ్తిదారు, అనగా కమీషన్ ఏజెంటు. రాశి పోయించడం, ధర పలికించడం, తూకం వేసే దడ్వాయి చేత కాంటా వేయించడం, హమాలీకీ చాటకూలీకీ చెల్లించవలసిన కూలీ లెక్కకట్టడం, చివరికి తూకం, ధర, ఖర్చులు రాసిన తక్‌పట్టీతో పాటు సొమ్ము రైతు చేతిలో పెట్టడం అడ్తిదారు పని. ఇవన్నీ పైకి కనిపించేవి. కనిపించని పని మరొకటి ఉంది: సాగు కాలంలో విత్తనానికో, ఎరువుకో, ఇంట్లో పెండ్లికో రైతుకు అప్పు పెట్టి, ఆ అప్పుకు హామీగా పంట తన దుకాణానికే వచ్చేట్టు చూసుకోవడం. అడ్తి వ్యవస్థకు అసలు బలం కమీషన్ రేటులో కంటే ఈ అప్పులోనే ఉందని గ్రహించకపోతే, తరువాతి కాలంలో కంప్యూటరు యార్డులోకి వచ్చి ఏమి మార్చగలిగిందో, ఏమి మార్చలేకపోయిందో అర్థం కాదు.

ఈ-నామ్ రాక

దేశంలోని మార్కెట్ యార్డులను ఒకే ఎలక్ట్రానిక్ వేదిక మీదికి తెచ్చే జాతీయ వ్యవసాయ మార్కెట్, అనగా ఈ-నామ్, పథకానికి కేంద్ర మంత్రివర్గం 2015 జూలై 1న ఆమోదం తెలిపింది. 2016 ఏప్రిల్ 14న 8 రాష్ట్రాల్లోని 21 మార్కెట్లతో ఇది ప్రారంభమైంది. తొలి విడతలోనే నిజామాబాద్ చేరింది. 2018 మార్చి నాటికి ఈ మార్కెట్ల సంఖ్య 585కు, 2020 మే నాటికి 1,000కి పెరిగింది. చిన్న రైతుల వ్యవసాయ వ్యాపార కన్సార్టియం అనే కేంద్ర సంస్థ దీనిని అమలు చేస్తుండగా, సాఫ్ట్‌వేర్ తయారీ, నిర్వహణ బాధ్యతలు హైదరాబాద్ కేంద్రంగా ఉన్న నాగార్జున ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ సంస్థకు దక్కాయి. కె.వి.కె. రాజు స్థాపించిన నాగార్జున సమూహంలోని ఈ కంపెనీ కాకినాడలో యూరియా తయారుచేసిన ఎరువుల సంస్థగానే తెలుగు రైతుకు పరిచయం. ఐకిసాన్ అనే పోర్టల్ ద్వారా పంటల సమాచారం అందించిన అనుభవం దానిని దేశవ్యాప్త మార్కెట్ సాఫ్ట్‌వేర్ దాకా తీసుకువెళ్లింది. బస్తా అమ్మే కంపెనీ రైతుతో తనకున్న పరిచయాన్ని వేరొక వ్యాపారానికి పెట్టుబడిగా మార్చుకోవడం, పాత సంస్థలు డిజిటల్ మార్పును ఎదుర్కొనే మార్గాల్లో ఒకటి.

ఈ-నామ్ పద్ధతిలో సరుకు గేటు దగ్గరకు రాగానే రైతు పేరు, సరుకు రకం, బస్తాల సంఖ్య నమోదై ఆ రాశికి ఒక లాట్ సంఖ్య వస్తుంది. నమూనా తీసి తేమ, మలినాలు వంటి గుణాలను పరీక్షించాలి. తరువాత ఖరీదుదారులు ఒకరి ధర మరొకరికి తెలియకుండా ఫోనులోనో కంప్యూటరులోనో తమ ధర నమోదు చేస్తారు. గడువు ముగిశాక ఎక్కువ ధర వేసిన వ్యాపారి పేరు ప్రకటితమవుతుంది, ధర నచ్చకపోతే అమ్మకుండా ఉండే హక్కు రైతుకు ఉంటుంది. అటు తరువాత ఎలక్ట్రానిక్ కాంటా, బిల్లు, చెల్లింపు. ఈ వ్యవస్థను అమలుచేసినందుకు నిజామాబాద్ జిల్లా 2017లో ప్రజాపాలనలో ప్రతిభకు ఇచ్చే ప్రధానమంత్రి పురస్కారం పొందింది. అప్పటి కలెక్టరు యోగితా రాణా దానిని అందుకున్నారు.

ఈ-నామ్ మొదలైన ఏడాదిలోనే మరొక దెబ్బ తగిలింది. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దు కావడంతో నగదు మీద నడిచిన గంజ్‌లు అన్నీ బ్యాంకు ఖాతాల వైపు చూడవలసి వచ్చింది, ఆపై 2018 ఏప్రిల్ నుంచి అంతర్రాష్ట్ర సరుకు రవాణాకు ఈ-వే బిల్లు తప్పనిసరి కావడంతో లారీ ఎక్కిన ప్రతి పెద్ద లోడుకూ కంప్యూటరులో జాడ ఏర్పడింది. ధర పలకడాన్ని మార్చిన ఈ-నామ్ కంటే, వ్యాపారి లెక్కల పుస్తకాన్ని మార్చిన ఈ రెండు చర్యలే గంజ్ మీద లోతైన ప్రభావం చూపాయనడం అతిశయోక్తి కాదు.

అడ్తి ఎందుకు నిలిచింది

తెర మీద ధర వేయడం మొదలైతే మధ్యవర్తి కనుమరుగవుతాడనే అంచనా చాలామందికి ఉండేది. అలా జరగలేదు, అందుకు రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది నాణ్యత. పసుపు విలువను నిర్ణయించే కుర్కుమిన్ శాతం కంటికి కనిపించదు, ప్రయోగశాలలో పరీక్షించాలి. కానీ సీజనులో రోజూ యార్డును నింపే రాశులన్నిటికీ ఆ పరీక్ష సకాలంలో చేయడం తేలిక కాదు. అందుకే ఫోనులో ధర వేసే ఖరీదుదారు కూడా ముందు రాశి దగ్గరికి నడిచివచ్చి, కొమ్ము విరిచి లోపలి రంగు చూసి, గట్టిదనం గమనించి, ఆ తరువాతే అంకె నొక్కుతాడు. అంటే దూరాన ఉన్న వ్యాపారి కూడా పోటీలోకి వస్తాడన్న ఈ-నామ్ ప్రధాన ఆశయం ఈ ఒక్క చోట చిక్కుకుపోతుంది: చూడని సరుకుకు ఎవరూ పూర్తి ధర వేయరు.

రెండవది పైన చెప్పిన అప్పు. కొన్న వ్యాపారి సరుకు అమ్ముకున్నాక గాని డబ్బు కట్టలేని సందర్భాల్లో అడ్తిదారు తన చేతి నుంచి రైతుకు చెల్లించి, ఆ జాప్యాన్ని తాను భరిస్తాడు. సాఫ్ట్‌వేర్ వేలం నిర్వహించగలదు గాని, డబ్బు రాకముందే రైతుకు డబ్బు ఇచ్చే స్తోమత దానికి లేదు. బ్యాంకు పంటరుణం అందే రైతు ఈ బంధం నుంచి కొంత బయటపడగలడు. కౌలు రైతుకు ఆ దారి కూడా ఇరుకే. అందువల్ల గంజ్ డిజిటల్ మార్పును తనకు నష్టం తక్కువ కలిగే చోట, అంటే గేటు నమోదు, వేలం, బిల్లు వంటి చోట్ల స్వీకరించి, తన అసలు ఆదాయానికి మూలమైన అప్పు, నమ్మకం అనే భాగాలను తన దగ్గరే అట్టిపెట్టుకుంది. దీనిని మార్పుకు ఎదురుతిరగడం అని నిందించేవారు ఉన్నా, రైతుకు ఆ అప్పు మరెక్కడ దొరుకుతుందో చెప్పకుండా చేసే ఆ నింద సగమే న్యాయమైనది. మరోవైపు, అప్పు పెట్టిన దుకాణంలోనే పంట అమ్మాలన్న కట్టుబాటు రైతు బేరశక్తిని తగ్గిస్తుందన్నదీ నిజమే. తెర మీద ఎన్ని ధరలు కనిపించినా, ఆ రైతుకు ఎంచుకునే స్వేచ్ఛ అంతే పెరిగినట్టు కాదు.

ఐటీసీ దారి

పాత మధ్యవర్తిని ఏమి చేయాలన్న ఇదే సమస్యను ఒక పెద్ద కంపెనీ మరో రకంగా పరిష్కరించుకుంది. 1910లో ఇంపీరియల్ టొబాకో కంపెనీగా మొదలైన ఐటీసీ, సికింద్రాబాద్ కేంద్రంగా నడిచే తన వ్యవసాయ వ్యాపార విభాగం ద్వారా 2000 జూన్‌లో మధ్యప్రదేశ్ సోయాబీన్ రైతుల మధ్య ఈ-చౌపాల్‌ను ప్రారంభించింది, ఎస్. శివకుమార్ దీనికి సారథి. గ్రామంలో ఒక రైతు ఇంట్లో కంప్యూటరు, ఉపగ్రహ సంబంధం, కరెంటు పోయినప్పుడు ఆదుకునే సౌర ఫలకాలు ఏర్పాటు చేసి, ఆ రైతును సంచాలకుడిగా నియమించి, తోటి రైతులకు ధర, వాతావరణం చెప్పే బాధ్యతను ఊరి ముందు ప్రమాణం చేయించి అప్పగించేవారు. మండీ ధర చూసుకొని ఇంటి దగ్గరే నిర్ణయించుకున్న రైతు సరుకును నేరుగా ఐటీసీ కొనుగోలు కేంద్రానికి తేవచ్చు.

ఇక్కడ గమనించవలసిన విషయం, ఐటీసీ కమీషన్ ఏజెంట్లను తరిమివేయలేదు. వారిలో కొందరిని సంయోజకులుగా మార్చి, సంచాలకులను గుర్తించడం, నగదు, సరుకు తరలింపు వంటి పనులు అప్పగించింది. పాత మధ్యవర్తికి ఉన్న స్థానిక జ్ఞానాన్ని కొనుక్కోవడం, అతడికి ఉన్న గుత్తాధిపత్యాన్ని మాత్రం తీసివేయడం ఆ ఏర్పాటు సారాంశం. ఈ వేదిక 6,100 కేంద్రాలకు, 35,000కు పైగా గ్రామాలకు విస్తరించింది. కోస్తా ఆంధ్రలో రొయ్య రైతుల కోసం ఆక్వా చౌపాల్ కూడా నడిచింది. ఆ తరువాత చాలామంది రైతుల జేబుల్లో స్మార్ట్‌ఫోను చేరడంతో ఊరికొక కంప్యూటరు అవసరం సన్నగిల్లగా, కంపెనీ 2022లో రైతు ఉత్పత్తిదారుల సంఘాలతో కలిసి పనిచేసే ఐటీసీ మార్స్ అనే యాప్‌ను తెచ్చింది. అంటే విఘాతం కలిగించిన పద్ధతి కూడా ఇరవై ఏళ్లలో పాతబడి, మళ్లీ తనను తాను మార్చుకోవలసి వచ్చింది.

ఇందల్వాయి టోల్‌ప్లాజా: పోలిక

జాతీయ రహదారి 44 మీద నిజామాబాద్ జిల్లా ఇందల్వాయి దగ్గర ఉన్న టోల్‌ప్లాజాను గంజ్‌తో పోల్చి చూస్తే, డిజిటల్ మార్పు ఎక్కడ సులువుగా నెగ్గుతుందో తెలుస్తుంది. రేడియో తరంగాలతో చదవగలిగే చిన్న బిళ్లను వాహనం అద్దానికి అతికించి, అనుసంధానించిన ఖాతా నుంచి రుసుము కోసుకునే ఫాస్టాగ్ విధానం 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి దేశమంతటా జాతీయ రహదారుల టోల్‌ప్లాజాల్లో తప్పనిసరి అయింది. బిళ్ల లేని వాహనం అప్పట్లో రెట్టింపు కట్టవలసి వచ్చేది. ఏళ్ల తరబడి సాగిన నగదు వసూలు ఆ ఆదేశంతో చాలావరకు వెనక్కిపోయింది. కారణం స్పష్టం: టోల్ రుసుము వాహన తరగతిని బట్టి ముందే నిర్ణయమై ఉంటుంది, నాణ్యత చూడవలసిన పనిలేదు, ఎవరూ ఎవరికీ అప్పు పెట్టరు, బేరమూ లేదు. బేరం, అప్పు, కంటిచూపు ఉన్న గంజ్‌లో అటువంటి ఆదేశం ఒక్క రాత్రిలో పనిచేయదు.

పాత సంస్థల పతనాలన్నిటినీ డిజిటల్ మార్పు ఖాతాలో వేయడమూ తప్పే. నిజామాబాద్ జిల్లాలోనే నిజాంసాగర్ నీటి మీద ఆధారపడి 1930లలో బోధన్‌లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ, 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లి 2015 డిసెంబరులో మూతపడింది. ఆ కథలో యాజమాన్యం, పెట్టుబడి, చెరకు సాగు తగ్గుదల ఉన్నాయి తప్ప, ఏ యాప్ ప్రమేయమూ లేదు.

పసుపు విషయంలో కొత్త వ్యవస్థలు ఇంకా చేరుతూనే ఉన్నాయి. ముంబయి కేంద్రంగా 2003 చివర్లో పనిచేయడం ప్రారంభించిన ఎన్‌సీడీఈఎక్స్ అనే సరుకుల ఎక్స్ఛేంజి పసుపు ముందస్తు వ్యాపారానికి నిజామాబాద్‌ను సరుకు అందజేసే కేంద్రంగా ఎంచుకోవడంతో, గంజ్‌లోని వ్యాపారి ఫోనులో కనిపించే ఫ్యూచర్స్ ధర, అంటే కొన్ని నెలల తరువాత సరుకు అప్పగించేందుకు ఈ రోజే కుదిరే ధర, యార్డులోని నేటి ధరను ప్రభావితం చేస్తున్నది. 2023 అక్టోబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14న ప్రారంభమై, ఆ సంవత్సరం జూన్‌లో నిజామాబాద్‌లో తన ప్రధాన కార్యాలయం తెరిచింది. నాణ్యత పరీక్షల సౌకర్యం పెంచడం బోర్డు చేపట్టదగిన పనుల్లో ముఖ్యమైనది. రాశికి కుర్కుమిన్ శాతం నమ్మదగిన రీతిలో నమోదైతే, ఈ-నామ్‌లో సాంగ్లీ వ్యాపారి కొమ్ము విరవకుండానే ధర వేసే వీలు అప్పుడు ఏర్పడుతుంది.