కవిలె కట్టలు కూర్చినవారు వేరే దారి పట్టి ఉంటే



చెన్నై నగరంలో పాత మహాబలిపురం రోడ్డు వెంట ఇవాళ వరుసగా కంప్యూటరు కంపెనీలు ఉన్నాయి. మన సరిహద్దు ఊళ్లనుంచి వెళ్లిన పిల్లలు వాటిలో ఎందరో పనిచేస్తున్నారు. వారిలో కొందరిది డేటాబేస్ పని. అంటే నాలుగు మూలలనుంచి వచ్చిన సమాచారాన్ని ఒక పద్ధతిలో పేర్చి, భద్రపరచి, అడిగినప్పుడు క్షణంలో తీసి ఇచ్చే పని. "ఈ ఉద్యోగం లేకపోతే నువ్వు ఏమయ్యేవాడివి?" అని వారిని అడిగి చూడండి. బడిపంతులు అని ఒకరు, వ్యవసాయం అని ఒకరు, పాటకచేరీలు అని ఇంకొకరు చెప్పవచ్చు.

యంత్రం కొత్తదే గాని పని కొత్తది కాదు. రెండు వందల ఏళ్ల కిందట అదే మద్రాసులో మన తెలుగువారు కాగితం మీద, తాటాకు మీద ఈ పనే చేశారు. వారి ముందు కూడా వేరే దారులు ఉండేవి. ఎవరు ఏ దారి పట్టారో, ఎవరికి ఏ దారి మూసుకుపోయిందో ఈనాటి ప్రసంగంలో చెప్పుకుందాం.

కాలిన్ మెకంజీ స్కాట్లండు దేశస్థుడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసుకు వచ్చాడు. 1799లో టిప్పు సుల్తాను పతనమైన తరువాత మైసూరు రాజ్యాన్ని సర్వే చేసే పని ఆయనకు అప్పగించారు. భూమి కొలతలతో ఆయన తృప్తి పడలేదు. ఊరి పేరు ఎలా వచ్చింది, గుడి ఎవరు కట్టించారు, ఏ రాజు ఏ మాన్యం ఇచ్చాడు, శాసనాలు ఎక్కడున్నాయి అని తెలుసుకోవాలనుకున్నాడు. కాని ఆయనకు మన భాషలు పట్టుబడలేదు. ఆ లోటు తీర్చినవారు ఏలూరునుంచి వచ్చిన కావలి సోదరులు. వారు వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి.

వారు పని నడిపిన తీరు చూడండి. నారాయణరావు, ఆనందరావు వంటి సహాయకులు ఊరూరా తిరిగారు. కరణం దగ్గర ఉన్న దండకవిలె చూసి రాసుకున్నారు. గుడి గోడ మీది శాసనానికి నకలు తీశారు. పెద్దల నోట విన్నది విన్నట్టు పెట్టారు. ఊరూరికీ ఇంచుమించు అవే ప్రశ్నలు. వచ్చిన జవాబులను కైఫియతులుగా కూర్చారు. ఎక్కడ తిరిగారో, ఏమి దొరికిందో ఎప్పటికప్పుడు మద్రాసుకు రాసి పంపారు. ఈనాటి కంప్యూటరు మనిషికి ఇది చదివి వినిపిస్తే, "ఇది మా పనే గదా!" అనకుండా ఉండడు.

ఆ కాలంలో ఇంగ్లీషు నేర్చిన తెలుగు యువకుడికి వేరే కొలువులు లేకపోలేదు. కలెక్టరు కచ్చేరీలో శిరస్తాదారు కావచ్చు. కోర్టులో దుబాసీ కావచ్చు. వర్తకులకు మధ్యవర్తిగా నాలుగు రాళ్లు వెనకేసుకోవచ్చు. ఊళ్లో పేరు, అధికారం ఆ కొలువులకే ఎక్కువ. ఎండనపడి ఊళ్లు తిరిగి శాసనాలు నకలు చేసేవాడికి ఆ హోదా ఎక్కడిది? అయినా కావలి సోదరులు ఈ దారినే నడిచారు.

పెద్దవాడైన బొర్రయ్య 1803లో చిన్న వయసులోనే కన్నుమూశాడు. జైనులను గురించి మెకంజీ కోసం ఆయన అనువదించిన వ్యాసం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో తరువాత అచ్చయింది. భారతీయ విజ్ఞానపు వాకిలి దాటడానికి తనకు తొలిమెట్టు ఆ స్నేహమేనని మెకంజీ 1817లో రాసిన జాబులో ఒప్పుకున్నాడు.

తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని అందుకున్నాడు. మెకంజీ 1815లో భారతదేశ సర్వేయరు జనరల్ అయ్యాడు, తరువాత కలకత్తా చేరాడు, 1821లో అక్కడే మరణించాడు. ఆయన సేకరణను ప్రభుత్వం లక్ష రూపాయలకు కొన్నది. 1828లో విల్సన్ పండితుడు దానికి పట్టిక అచ్చువేయించాడు. అందులో 1,568 గ్రంథాల ప్రతులు, 2,070 స్థానిక చరిత్రలు, 8,076 శాసనాల నకళ్లు, 6,218 నాణేలు లెక్కకు వచ్చాయి. ఇంత కూడబెట్టడంలో లక్ష్మయ్య చెయ్యి ఎంత ఉందో మీరే ఊహించుకోండి.

అప్పుడు లక్ష్మయ్య ఇంకో దారి కోరాడు. ఇన్నాళ్లూ దొర కింద సహాయకుడిగా చేసిన పనిని ఇకమీదట తానే ముందుండి సాగిస్తానని ప్రభుత్వాన్ని అడిగాడు. ఆ విన్నపం ఏషియాటిక్ సొసైటీకి వెళ్లింది. 1836లో జేమ్స్ ప్రిన్సెప్ ద్వారా వచ్చిన జవాబు సారాంశం ఇది: ఈయనే కాదు, ఈ దేశస్థులెవరూ ఇంతటి పనికి చాలరు, సహాయకులుగా మాత్రం పనికివస్తారు. ఆ కాగితాలను పరిశీలించే పనికి విలియం టేలరు అనే పాద్రీ పేరు సిఫారసు చేశారు.

శ్రోతలారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సమాచారం ఎక్కడుందో తెలిసినవాడు, దాన్ని తెచ్చినవాడు, చదవగలిగినవాడు లక్ష్మయ్య. కాని దానికి అర్థం చెప్పే హక్కు మాత్రం ఆయనది కాదన్నారు. ఆయనకు శక్తి లేక కాదు, పుట్టిన దేశం చూసి ఆ తలుపు మూశారు. లక్ష్మయ్య ఊరుకోలేదు. మద్రాసులో హిందూ సాహిత్య సంఘానికి అధ్యక్షుడై ఆ ఆసక్తిని నిలుపుకున్నాడు.

మూడోవాడైన రామస్వామి ఎవరి అనుమతీ అడగలేదు. రచయిత అయ్యాడు. దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలో అచ్చువేయించాడు. అందులో తన అన్న బొర్రయ్యకూ చోటిచ్చాడు. అన్నకు పేరు నిలబెట్టింది తమ్ముడి కలమే.

ఇదే కాలంలో మద్రాసు సుప్రీంకోర్టులో ఏనుగుల వీరాస్వామయ్య హెడ్ ఇంటర్‌ప్రిటరుగా ఉండేవాడు. ఒకరి మాట ఇంకొకరికి చెప్పడమే ఆయన ఉద్యోగం. 1830 మే నెలలో బయలుదేరి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్లి, 1831 సెప్టెంబరులో మద్రాసు చేరాడు. దారిలోని ఊళ్లు, సత్రాలు, వస్తువులు, మనుషుల తీరు అన్నీ రాసిపెట్టాడు. ఆయన పోయాక, 1838లో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె దాన్ని కాశీయాత్ర చరిత్రగా ప్రచురించాడు. కోర్టులో ఆయన తర్జుమా చేసిన మాటలు ఈనాడు ఎవరికీ గుర్తు లేవు. దారిలో రాసుకున్న మాటలు మాత్రం మిగిలాయి.

ఇందుకు ఎదురుదారిన వచ్చినవారూ ఉన్నారు. తమిళనాట శియ్యాళిలో పుట్టిన ఎస్. ఆర్. రంగనాథన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో లెక్కల అధ్యాపకుడు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా చేరాడు. మొదట ఆ పని రుచించక, తిరిగి లెక్కలకే పోతానన్నాడు. లండను వెళ్లి చదివి చూశాక మనసు మారింది. ఒక్కొక్క విషయాన్ని అంశాలుగా విడదీసి, వాటి గుర్తులను కోలన్ అనే చుక్కలతో కలిపే వర్గీకరణ పద్ధతిని 1933లో ప్రకటించాడు. సమాచారాన్ని వెదికి తీసే శాస్త్రానికి దానివల్ల ఎంతో మేలు జరిగింది. ఆయన లెక్కల్నే పట్టుకుని కూర్చుని ఉంటే ఒక మంచి మాస్టారు దక్కేవాడు, ఒక శాస్త్రం నష్టపోయేది.

ఈ కథలనుంచి తేలేది ఒకటుంది. సమాచారాన్ని కూర్చే పని చేతికి తిండి పెడుతుంది. ఆ పనిచేస్తూనే మనిషి కవి చరిత్రకారుడు కావచ్చు, యాత్రికుడు కావచ్చు. అయితే ఆ రెండో దారి తెరిచి ఉండాలి. లక్ష్మయ్యకు దాన్ని మూశారు. ఇవాళ మన పిల్లలకు అటువంటి అడ్డు లేదు. తీరిక, తెగువ ఉంటే చాలు.

మెకంజీ సేకరణలో ఒక పెద్ద భాగం, బ్రౌను దొర సేకరించిన తెలుగు ప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. అది 1869లో ఏర్పడింది. కడప జిల్లా కైఫియతులు సంపుటాలుగా అచ్చయ్యాయి. మీ ఇంటి పిల్లవాడు చెన్నైలో కంప్యూటరు ముందు కూర్చుని ఉంటే, సెలవు రోజున ఒకసారి ఆ భాండాగారానికి వెళ్లి రమ్మని చెప్పండి. మన ఊరి కైఫియతు ఉందేమో అడిగి చూడమనండి. దొరికితే, దాన్ని ఈ కాలపు తెలుగులో రాసి ఊరివాళ్లకు వినిపించమనండి. లక్ష్మయ్యకు దక్కని పని అదే.