కూలి అన్న మాట వెంట గయానాకు

గయానా వెళ్ళి వచ్చానని చెబితే మా వీధిలో ముగ్గురు "ఆఫ్రికాలో ఎండలు ఎలా ఉన్నాయి మాస్టారూ?" అని అడిగారు. వారు ఘనా అనుకున్నారు. నాల్గవ ఆయన క్రికెట్టు ప్రియుడు కావడం వల్ల వెస్టిండీస్‌లోని ఒక ద్వీపం అనుకున్నారు. వారిని తప్పు పట్టను. రోహన్ కన్హాయ్, క్లైవ్ లాయిడ్‌ల పేర్లు రేడియోలో విన్న రోజుల్లో నేనూ అలాగే అనుకునేవాడిని. గయానా ద్వీపం కాదు. దక్షిణ అమెరికా ఉత్తరపుటంచున వెనిజులా, బ్రెజిల్, సురినామ్‌ల నడుమ ఉన్న దేశం. ఆ ఖండంలో ఆంగ్లం అధికారభాషగా గల స్వతంత్ర రాజ్యం అదొక్కటే. న్యూయార్కులో ఉన్న మా అబ్బాయి పుణ్యమా అని దానిని వారం రోజులు చూసే భాగ్యం కలిగింది.

రాజధాని జార్జిటౌన్‌లో నన్ను మొదట ఆకట్టుకున్నవి కాలువలు. కోనసీమలో పుట్టినవాడికి పంటకాలువా కొత్త కాదు, మురుగుకాలువా కొత్త కాదు. అయితే అక్కడి నేల పోటు వేళ సముద్రమట్టం కన్నా దిగువన ఉంటుంది. ఆటు వేళ తూము తలుపులెత్తి మురుగు నీటిని కడలిలోకి వదులుతారు, పోటు రాగానే దించుతారు. ఆ తూములను అక్కడివారు 'కోకర్' అంటారు. ఇది డచ్చివారు తెచ్చిన విద్య. విద్య వారిదే గాని చెమట వారిది కాదు. ఆఫ్రికా నుండి తెచ్చిన బానిసలు పారలతో ఎత్తిపోసిన బంకమట్టి కనీసం 10 కోట్ల టన్నులని చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ 1981లో వెలువడిన తన గ్రంథంలో చెప్పాడు. చెరకుతోట ప్రతి చదరపు మైలుకు 49 మైళ్ళ మురుగుకాలువలు, వాటికి తోడు 16 మైళ్ళ మెరక కాలువలు అవసరమయ్యాయట. ఆ లెక్క చదివిన తరువాత ఆ ఊరి కాలువగట్టున నడక నాకు మామూలు నడక కాలేదు.

బెర్బీస్ ప్రాంతంలో కాంజీ అనే నది ఉంది. దాని ఒడ్డు పొదలలో ఆ దేశపు జాతీయపక్షి హోట్జిన్ కనిపిస్తుంది. నెత్తిన కుచ్చు, కళ్ళచుట్టూ నీలిరంగు. ఇది ఆకులు తిని, ఆవువలె వాటిని లోపల పులియబెట్టి జీర్ణించుకుంటుంది. అందుచేత పేడ వాసన వేస్తుంది. దాని పిల్లల రెక్కలకు గోళ్ళుంటాయి. ఆపద వస్తే పిల్ల నీళ్ళలోకి దూకి, ఆ గోళ్ళతో మళ్ళీ కొమ్మ పట్టుకుని పైకి ప్రాకుతుంది. ఈ నదీతీరపు తోటలలోనే 1763 ఫిబ్రవరి 23న బానిసలు తిరగబడ్డారు. వారి నాయకుడు కఫీ. సగం దేశం మీరు ఏలుకోండి, సగం మాకు వదలండి అని డచ్చి గవర్నరుకు లేఖలు పంపిన ధీరుడు. తనవారిలోనే చీలిక వచ్చి, చివరకు ఆత్మహత్య చేసుకున్నాడు. 1966లో స్వతంత్రమైన గయానా, 1970లో గణతంత్రం కావడానికి ఆ ఫిబ్రవరి 23నే ఎంచుకుంది.

బానిసత్వం రద్దయిన తరువాత చెరకు నరకడానికి మనవారిని తెచ్చారు. 1838 మే 5న విట్బీ, హెస్పరస్ అనే ఓడలలో కలకత్తా నుండి 396 మంది దిగారు. 1917 దాకా వచ్చినవారు దాదాపు 2 లక్షల 39 వేల మంది. వారిలో మద్రాసు రేవు నుండి బయలుదేరినవారు కొద్దిమందే. తమిళులైనా తెలుగువారైనా అక్కడ అందరికీ ఒకటే పేరు, 'మద్రాసీ'.

ఇక భోజనం సంగతి. అక్కడి ఆదివాసుల వంటకం పెప్పర్‌పాట్. చేదు కర్రపెండలం రసం పచ్చిగా ఉన్నప్పుడు విషం. దానిని నల్లని పాకమయ్యేదాకా మరిగిస్తే విషం విరగడమే కాక మాంసాన్ని చెడనివ్వని గుణం వస్తుంది. కుండను రోజూ మరగబెడుతూ ఎన్నో రోజులు నిలువ ఉంచుతారు. శాకాహారిని కనుక నాకు దాని కథతోనే కడుపు నిండింది. మన తూర్పుగోదావరి మెట్టలో సగ్గుబియ్యానికి పండించే కర్రపెండలం పుట్టిల్లు ఆ ఖండమే. పెండలం ఇటు వచ్చింది, మనుషులు అటు వెళ్ళారు. హిందువుల ఇళ్ళలో శుభకార్యాలకు తామరాకులో అన్నం, ఏడు కూరలు వడ్డిస్తారు. ఆ పంక్తిలో మాత్రం తృప్తిగా భోంచేశాను.

బెర్బీస్‌లో ఒక కాళీకోవెలకు తీసుకువెళ్ళారు. వేపమండలు, పసుపునీళ్ళు, వాద్యం. ఆ వాద్యాన్ని 'తప్పు' అంటారు. మన డప్పుకు తోబుట్టువైన తమిళపదం అది. తెలుగు మాట ఒక్కటైనా వినిపించకపోతుందా అని చెవులు రిక్కించాను. వినిపించలేదు. నలభై ఏళ్ళు తెలుగు చెప్పినవాడికి అది చిన్న బాధ కాదు.

అక్కడి పెద్దాయన ఒకరు, మద్రాసీ సంతతివారు, నాతో ఆంగ్లంలో మాట్లాడుతూ, చిన్నప్పుడు తనను 'కూలీ' అన్న కుర్రవాణ్ణి కొట్టానని చెప్పారు. అక్కడ ఆ మాట తిట్టు. పదమూలం గురించి పండితులలో భిన్నాభిప్రాయాలున్నా, తెలుగులో, తమిళంలో 'కూలి' అంటే చేసిన పనికి ముట్టవలసిన ప్రతిఫలమని నేను వివరించాను. మనిషికి చెల్లించవలసిన దానిని మనిషికే పేరుగా పెట్టి, ఆపైన దానిని నిందగా మార్చారు. ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, మా ముత్తాత ఏ లిపిలో వ్రాసేవాడో తెలియదు, మీ అక్షరాలలో ఆ మాట వ్రాసి ఇవ్వండి అని అడిగారు. బల్లమీది రసీదు వెనుక 'కూలి' అని పెద్దక్షరాలతో వ్రాసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నారు.

2015లో అక్కడ సముద్రగర్భంలో చమురు దొరికింది. 2019 డిసెంబరు నుండి తోడుతున్నారు. దేశం వేగంగా మారుతోంది. చూడదలచినవారు ఆలస్యం చేయవద్దు. 226 మీటర్ల ఎత్తు నుండి ఒక్క దూకున పడే కైటూర్ జలపాతం గురించి మరొకమారు వ్రాస్తాను.