జిరాక్స్ మిషన్ దగ్గర దొరికిన అల

గణిత చరిత్రలో నాకు బాగా ఇష్టమైన చోటు ఒక జిరాక్స్ మిషన్. 1985లో పారిస్ దగ్గరి ఎకోల్ పాలిటెక్నిక్‌లో, ఆ మిషన్ దగ్గర తన వంతు కోసం నిలబడ్డ ఈవ్ మేయెర్‌కి సహోద్యోగి ఒకరు ఓ పేపరు చూపించారు. రాసింది ఇద్దరు: భౌతిక శాస్త్రవేత్త అలెక్స్ గ్రాస్‌మన్, చమురు కంపెనీలో పనిచేసే ఝాన్ మోర్లే. అది చదివిన మేయెర్ రైలెక్కి గ్రాస్‌మన్‌ని వెతుక్కుంటూ మార్సేయ్ వెళ్ళిపోయాడు.

అందులో అంత ఏముంది? ఎల్ఫ్ ఆకితేన్‌లో మోర్లే పని, భూమిలోకి పంపిన ప్రకంపనల ప్రతిధ్వనులు వినడం. ఏ ప్రతిధ్వని ఎప్పుడొచ్చిందో తెలిస్తేనే ఏ పొర ఎంత లోతులో ఉందో తెలిసేది. ఫూరియే పద్ధతి పాటలో ఏయే స్వరాలున్నాయో లెక్క చెబుతుంది గానీ, ఏది ముందో ఏది వెనకో సూటిగా చెప్పదు. పాటని ముక్కలుగా కోసి వింటే, చిన్న ముక్కలో మంద్రస్వరం పట్టదు, పెద్ద ముక్కలో క్షణం జారిపోతుంది. మోర్లే ఒక చిట్టి అలని తీసుకుని, దాన్నే సాగదీస్తూ, కుదిస్తూ సంకేతం పొడవునా జరిపాడు. అదే వేవ్‌లెట్.

మేయెర్ ఆ పేపర్లో పాత నేస్తాన్ని గుర్తుపట్టాడు. 1960లలో కాల్డెరాన్ రాసిన సూత్రమే అది! గణితజ్ఞులు సిద్ధాంతాల కోసం దాచుకున్నది, చమురు వెతికే మనిషి తన అవసరం కొద్దీ మళ్ళీ కనిపెట్టాడు.

ఆ తర్వాత అంతా పరుగే. బొమ్మని దూరం నుంచి చూసి, పొరలు పొరలుగా వివరం చేర్చుకుంటూ పోయే పద్ధతిని స్తెఫాన్ మల్లా, మేయెర్ కలిసి 1986లో రూపొందించారు. 1988లో ఇంగ్రిడ్ డోబెషీ కంప్యూటరుకి అనువైన పొట్టి వేవ్‌లెట్లు ఇచ్చింది. ఎఫ్‌బీఐ దగ్గరేమో సుమారు 3 కోట్ల వేలిముద్రల కార్డులు, ఒక్కోటీ దాదాపు 10 మెగాబైట్లు. జేపెగ్ బొమ్మని గళ్ళుగా కోస్తుంది. బాగా కుదిస్తే ఆ గళ్ళ అంచులు ముద్ర గీతల మీద తేలతాయి. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ చీలింది అన్నదాని మీదే ఒక మనిషి దోషో నిర్దోషో తేలే చోట, ఏ వివరం పారేయొచ్చన్నది చిన్న ప్రశ్న కాదు. 1993లో ఎఫ్‌బీఐ వేవ్‌లెట్లని ప్రమాణంగా తీసుకుని, ముద్రల్ని సుమారు పదిహేనో వంతుకి కుదించింది.

2017లో మేయెర్‌కి ఆబెల్ బహుమతి వచ్చింది. మోర్లే 2007లోనే పోయాడు. ఇంత పనికీ కంపెనీ నుంచి అతనికి దక్కింది ముందస్తు రిటైర్మెంటేనని మేయెరే చెప్పాడు. పాఠ్యపుస్తకాల్లో వేవ్‌లెట్ల అధ్యాయం సూత్రంతో మొదలవుతుంది. నన్నడిగితే, "అది ఎప్పుడు వినిపించింది?" అన్న మోర్లే ప్రశ్నతో మొదలవ్వాలి.