పదమూడు వారాల నవ్వు

దూరదర్శన్ కాలంలో హాస్య ధారావాహికలు అంత తొందరగా ఎందుకు అయిపోయేవని అడిగితే, జనం చూడక ఆగిపోయి ఉంటాయని చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. చాలావాటి ఆయుష్షు మొదటి బొమ్మ పడకముందే ఒప్పందంలో రాసి ఉండేది: 13 వారాలు. ఏడాదికి 52 వారాలు, అందులో పావు వంతు. ఒకప్పుడు అమెరికా రేడియోలో ప్రకటనలిచ్చే కంపెనీలు ఈ లెక్కనే బేరం కుదుర్చుకునేవి. అది టీవీలోకి వచ్చింది, తర్వాత దూరదర్శన్ ప్రధాన కార్యాలయమున్న మన ఢిల్లీ మండీ హౌస్‌కీ వచ్చింది. 1984లో ‘హమ్ లోగ్’తో స్పాన్సర్ల రోజులు మొదలయ్యాక 13, 26, 52 అన్నవి నిర్మాతలకు ఎక్కాల్లా నోటికొచ్చేశాయి.

మా అనంతపురం వైపు ఈ నవ్వు రావడమే ఆలస్యం. హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైంది. అప్పటికి రాష్ట్రపతి మా జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డిగారే. అయినా ఆ బొమ్మ ఇంత దూరం అందేది కాదు. 1983లో ఇన్శాట్-1బి ఉపగ్రహం పైకి వెళ్ళింది. మరుసటేడు కొన్ని నెలలపాటు దేశంలో దాదాపు రోజుకొక ట్రాన్స్‌మిటర్ చొప్పున పెట్టుకుంటూ పోయారు. వాటిలో చాలావరకు 100 వాట్ల చిన్న కేంద్రాలు. పాతిక కిలోమీటర్లు దాటితే చుక్కలే, మధ్యలో గుట్ట అడ్డమొస్తే అవీ ఉండవు. పైగా ఆ చిన్న కేంద్రాలు తొలినాళ్ళలో ఉపగ్రహం నుంచి అందుకున్నది ఢిల్లీ ప్రసారాన్ని. అలా తెలుగు పల్లెలు టీవీలో మొదట నవ్వింది హిందీకి.

భాష రాకుండా ఎలా నవ్వారంటే, 1984 నాటి ‘యే జో హై జిందగీ’ని గుర్తు చేసుకోవాలి. శరద్ జోషి రాసింది. సతీష్ షా వారానికొక వేషంలో దిగబడేవాడు. ఆ మొహం, ఆ నడక చూస్తే చాలు, మాటతో పనిలేదు. ముందూ వెనకా వీకో ప్రకటన. మాటల్లో చమత్కారం పడినప్పుడు మాత్రం గుంతకల్లు రైల్వే కాలనీలో ఉండొచ్చినవాళ్ళకీ, ఇంట్లో ఉర్దూ మాట్లాడే కదిరి, హిందూపురం స్నేహితులకీ గిరాకీ. వాళ్ళు ముందు నవ్వేవాళ్ళు, చెప్పాక మేం నవ్వేవాళ్ళం. ఈలోపు తర్వాతి జోకు దాటిపోయేది.

మిద్దె మీద ఒకడు యాంటెన్నా గొట్టం పట్టుకుని “వస్తాందా?” అని అరవాలి. కిందనుంచి “ఇంగా గీతలేరా... ఆఁ, ఆఁ, నిలుపు! పోయ మళ్ళీ!” అని జవాబు. పైవాడికి కథ తెలియదు, కిందివాళ్ళ నవ్వు మాత్రమే వినపడేది. అంతా కుదిరాక ‘రుకావట్ కే లియే ఖేద్ హై’, అంటే అంతరాయానికి చింతిస్తున్నాం, అని పలక పడేది. అది తప్పుకునేసరికి కరెంటు పోయేది.

ఆనాటి హాస్య ధారావాహికలన్నిటిలో నా ఓటు 1989 నాటి ‘ఫ్లాప్ షో’కి. అది 13 దాకా కూడా రాలేదు, 10 భాగాలే. తీసిన జస్పాల్ భట్టి చండీగఢ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివినవాడు. కాలేజీ రోజుల్లో నాన్సెన్స్ క్లబ్ పేరుతో వీధి నాటకాలు వేశాడు. ఆ తర్వాత దూరదర్శన్‌లో ‘ఉల్టా పుల్టా’ అని నిమిషాల నిడివి ముక్కలు చేశాడు. ‘ఫ్లాప్ షో’కి నిర్మాత ఆయన భార్య సవితా భట్టి, తెరమీద భార్య కూడా ఆమే. పీహెచ్‌డీ విద్యార్థి చేత ఇంటిచాకిరీ చేయించుకునే గైడు, మందుల బిల్లుల కోసం రోగాలు తెచ్చుకునే ఉద్యోగి, ముఖ్య అతిథి పిచ్చి పట్టిన పెద్దమనిషి, ఇవీ కథలు. ఏ భాగంలో ఎవరిని ఏకాలనుకున్నాడో వాళ్ళకే దాన్ని అంకితమిచ్చేవాడు. చివర్లో సినిమా పాటకు పేరడీ కట్టి, అందులోనే తన బృందాన్ని తిట్టుకునేవాడు. సర్కారు టీవీలో సర్కారు మీద అంత చనువుగా మాట్లాడటం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. 2012 అక్టోబరు 25న రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పుడు తిరుగుతున్నది తన కొత్త సినిమా ప్రచారానికి. పేరు ‘పవర్ కట్’. బోరుబావి మోటారుకు కరెంటెప్పుడొస్తుందా అని అర్ధరాత్రి లేచి చూసే మా వేరుశనగ రైతులకు ఆ కథ విడమరచి చెప్పనక్కర్లేదు.

తెలుగులో దూరదర్శన్ నవ్వు అంటే ‘ఆనందో బ్రహ్మ’, ధర్మవరపు సుబ్రహ్మణ్యం. ఇంటిపేరు చూసి మా చీరల ధర్మవరానికి కట్టబెట్టేవాళ్ళున్నారు గానీ, ఆయనది ప్రకాశం జిల్లా. అరవకుండా, కింద పడకుండా, విసుగ్గా చూస్తూనే నవ్వించడం ఆయన పద్ధతి. చిన్న తెరకు సరిగ్గా సరిపోయింది.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక లెక్క మారింది. ప్రకటనలు రాలినన్నాళ్ళూ కథ నడపొచ్చు. గుణ్ణం గంగరాజు ‘అమృతం’ 2001 నుంచి 2007 దాకా 313 భాగాలు సాగింది. పదమూడు ఇరవైనాలుగులు 312, పైన ఒకటి. అది నాకూ ఇష్టమే. కానీ అన్నేళ్ళు నడిచినదాన్ని మరిచిపోనివ్వకుండా ఎవరో ఒకరు మళ్ళీ వేస్తూనే ఉంటారు.

పొట్టివాటికి ఆ అదృష్టం లేదు. అప్పట్లో వీడియో టేపు ఖరీదైన సరుకు. ప్రసారం కాగానే చెరిపి దానిమీదే ఇంకోటి రికార్డు చేయడం మామూలు. వార్తలకూ నాయకుల ప్రసంగాలకూ దొరికిన అల్మారా నవ్వులకు దొరకలేదు. అందుకే ఇవాళ వాటి గురించి మాట్లాడే ఇద్దరి మాట కలవదు. ఒకరింట్లో కరెంటు ముందు పోయింది, ఇంకొకరింట్లో తర్వాత పోయింది. చూడని సగాన్ని ఎవరికి వాళ్ళు మర్నాడు అరుగుమీద విన్నదాంతో పూడ్చుకున్నారు. నన్నడిగితే, విన్న సగమే ఎక్కువ బాగుండేది.