పంపుసెట్టు గాలి పీలుస్తోందా? లీకులను గుర్తించి సరిచేసుకోండి

బావి లేదా కాలువ గట్టున పెట్టిన మోటారు బాగానే తిరుగుతున్నా నీరు తక్కువగా వస్తోందా? ఆగి ఆగి, బుడగలతో పడుతోందా? అలాగైతే మోటారు విప్పే ముందు సక్షన్ పైపును పరీక్షించండి. నీరు లేకుండా పంపు తిరిగితే సీలు, గ్లాండు తాడు త్వరగా పాడవుతాయి.

లీకు ఎందుకు కనిపించదు?

డెలివరీ పైపులో ఒత్తిడి ఉంటుంది. పగులుంటే నీరు బయటకు చిమ్ముతుంది. సక్షన్ పైపు నీటిని పీలుస్తుంది. మోటారు నడిచేటప్పుడు అక్కడ నీరు కారదు, గాలే లోపలికి పోతుంది. అందుకే ఈ లీకును మోటారు ఆపి వెతకాలి.

గుర్తించే విధానం

1. మెయిన్ స్విచ్ ఆపి, ఫ్యూజులు తీయాలి.
2. పంపు పైనున్న మూత తీసి, నిండా నీరు పోయాలి. పావుగంట గమనించాలి.
3. నీటి మట్టం దిగి, పైపు జాయింట్ల దగ్గర చెమ్మ కనిపిస్తే లీకు అక్కడే ఉంది.
4. జాయింట్లన్నీ పొడిగా ఉన్నా మట్టం దిగితే ఫుట్‌వాల్వు నీటిని ఆపడం లేదని అర్థం.
5. మట్టం దిగకపోతే గ్లాండు, మూత వాషరు చూడాలి. అనుమానం ఉన్న జాయింటుకు గ్రీజు పూసి మోటారు నడపాలి. నీరు పెరిగితే గాలి పోయేది అక్కడే.

సరిచేసే విధానం

• ఫుట్‌వాల్వు: చెత్త, ఇసుక కడగాలి. అరిగిన తోలు లేదా రబ్బరు వాషరు మార్చాలి.
• మరల జాయింట్లు: విప్పి, శుభ్రం చేసి, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలి.
• ఫ్లాంజి: కొత్త రబ్బరు ప్యాకింగు వేసి, ఎదురెదురు బోల్టులను సమానంగా బిగించాలి.
• పగిలిన పి.వి.సి. పైపు: పగిలిన ముక్క కోసి, కప్లింగు వేసి సాల్వెంట్ సిమెంటుతో అతికించాలి. ఒక రోజు ఆరనివ్వాలి. సైకిల్ ట్యూబు చుట్టడం తాత్కాలికమే.
• గ్లాండు: తాడు వేసిన గ్లాండు నుంచి చుక్కచుక్కగా నీరు పడటం లోపం కాదు. పూర్తిగా ఆగేలా బిగిస్తే తాడు కాలి, షాఫ్టు అరుగుతుంది. ధారగా కారితేనే కొద్దిగా బిగించాలి.

లీకు లేకున్నా గాలి పోతుంటే

ఫుట్‌వాల్వు పైన నీరు సుడి తిరుగుతుంటే దాన్ని ఇంకా లోతుకు దించాలి, కానీ అడుగు బురదకు తాకనివ్వకూడదు. పంపుకు, నీటి మట్టానికి మధ్య ఎత్తు సుమారు 6 మీటర్లు మించితే పంపునే కిందికి దించాలి. సక్షన్ పైపు మధ్యలో పైకి వంగి ఉంటే అక్కడ గాలి నిలుస్తుంది.

డెలివరీ లీకును వదిలేయకండి

నిమిషానికి లీటరు చొప్పున కారినా 8 గంటల్లో 480 లీటర్లు వృథా. ఆ నీరు చివరి మడికి అందదు.

జాగ్రత్త: బావిలోకి ఒంటరిగా దిగకండి. తడి చేతులతో స్టార్టరు ముట్టుకోకండి.