టీకా తర్వాత కన్ను ఎర్రబడిందా? కళ్లకలకే కదా అని వదిలేయొద్దు!

టీకా వేయించుకున్న కొద్ది రోజులకో, వారాలకో పిల్లలకు, యువతకు కన్ను ఎర్రబడి చూపు మసకబారితే అది యువియైటిస్ కావచ్చు. అంటే కంటి మధ్య పొరలో వాపు. హెపటైటిస్-బి, హెచ్‌పీవీ, ఎంఎంఆర్, కోవిడ్ టీకాల తర్వాత ఇలాంటి కేసులు రిపోర్ట్ అయ్యాయి. కానీ ఇవి చాలా అరుదు. ప్రతిసారీ టీకానే కారణం అనలేం. టీబీ, హెర్పీస్, పిల్లల్లో వచ్చే కీళ్లవాతంతోనూ ఈ వాపు వస్తుంది.

తేడా ఎలా తెలుస్తుంది?
కళ్లకలకలో పుసులు, దురద ఎక్కువ. యువియైటిస్‌లో వెలుతురు చూడలేరు. కన్ను లోపల నొప్పి, ముందు నల్ల చుక్కలు తేలినట్టు ఉంటుంది. కొందరు పిల్లల్లో నొప్పి, ఎరుపు అసలు కనిపించవు.

ఏం చేయాలి?
వెంటనే కంటి డాక్టర్‌ను కలవండి, టీకా తేదీ చెప్పండి. స్టెరాయిడ్ చుక్కలతో చాలామందికి తగ్గిపోతుంది. ఆలస్యమైతే శుక్లం, గ్లకోమా వచ్చే ముప్పుంది. మెడికల్ షాపులో సొంతంగా స్టెరాయిడ్ చుక్కలు కొని వేయొద్దు. హెర్పీస్ పుండు ఉంటే ఇంకా ముదురుతుంది.

విషయాన్ని టీకా వేసిన ఏఎన్‌ఎంకూ తెలియజేయండి. తర్వాతి డోసు వేయించాలా వద్దా అనేది డాక్టర్‌నే అడగండి. భయపడి టీకాలు మానేయొద్దు. తట్టు లాంటి జబ్బు వస్తే చూపే పోయే ప్రమాదముంది.